చప్పుడు వస్తుంది, గాలి రాదు

(6, 7, 8 తరగతుల పిల్లలకు ధ్వని గురించి చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినది మాట్లాడినట్టే రాశాం. పిల్లల మాటలు బ్రాకెట్లలో ఉన్నాయి.)

అందరూ సర్దుకుని కూర్చున్నారా? వెనకాల నిలబడ్డవాళ్ళు ఇటు రండమ్మా, ముందు రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. సరే. మైకు కాసేపు పక్కన పెడుతున్నాను. ఒక్కసారి గట్టిగా చేతులు చరుస్తాను, వినండి.

(చరిచారు.)

ఆఖరి వరసకి వినపడిందా? (వినపడింది మేడమ్!) ఎప్పుడు వినపడింది? (వెంటనే!) వెంటనే కాదు. ముందు వరసవాళ్ళ కన్నా మీకు కొంచెం లేటుగానే వినపడింది. మీకూ నాకూ మధ్య 34 మీటర్లుందనుకుంటే సెకనులో పదో వంతు లేటు. అంత చిన్న తేడా మనకు పట్టుబడదు. అయినా నేను అడగాలనుకున్నది అది కాదు. నా అరచేతుల మధ్య నలిగిన గాలి ఉంది చూశారూ, అది మీ చెవి దాకా వచ్చిందా?

(వచ్చింది! రాలేదు!)

చేతులెత్తండి. వచ్చిందనేవాళ్ళే ఎక్కువ. పెద్దవాళ్ళని అడిగినా చాలామంది అదే చెబుతారు, కాబట్టి మొహమాటం వద్దు. కానీ ఒకటి ఆలోచించండి. ఇక్కడ అత్తరు సీసా మూత తీశాననుకోండి. ఆ వాసన ఆఖరి వరసకి చేరాలంటే నిమిషాలు పడుతుంది. ఎందుకంటే వాసన అంటే అత్తరు అణువులే స్వయంగా వచ్చి మీ ముక్కులో దూరాలి. చప్పుడు కూడా అలాగే గాలిని మోసుకొచ్చేదైతే, ఆ గాలి సెకనుకు 343 మీటర్ల వేగంతో మీ మీద పడాలి. చెట్లను వేళ్ళతో సహా పెకలించే భీకరమైన తుఫానులో కూడా గాలి వేగం సెకనుకు 70 మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. నేను చేతులు చరిస్తే మీ ముంగురులైనా కదలలేదు.

మరి వచ్చిందేమిటి? దీన్ని మాటలతో చెప్పను. ఒక పది మంది స్టేజీ మీదకి రండి. పరిగెత్తకండి నాన్నా. ఒకరి వెనక ఒకరు నిలబడి, ముందున్నవాళ్ళ భుజాల మీద రెండు చేతులూ ఆనించండి. మోచేతులు బిగపట్టద్దు, కొంచెం వంచి ఉంచండి. పాదాలు మాత్రం కదపకూడదు. ఇప్పుడు అందరికన్నా వెనకున్న బాబుని నేను మెల్లగా ముందుకి నెట్టి మళ్ళీ వెనక్కి లాగుతాను.

(నవ్వులు.)

చూశారా, ఆ చివరనున్న అమ్మాయి ముందుకి తూలింది. ఏమ్మా, నిన్నెవరు నెట్టారు? (వీడు మేడమ్!) నువ్వెందుకు నెట్టావయ్యా? (నన్ను వాడు నెట్టాడు మేడమ్.) ఇక ఎవర్నడిగినా వెనకవాణ్ణే చూపిస్తారు. నేరం చేసింది నేను, కానీ ఆ అమ్మాయిని నేను ముట్టుకోనే లేదు.

ఇంకోసారి చేద్దాం. ఈసారి కూర్చున్నవాళ్ళు వీళ్ళ మధ్య ఎడం ఎలా మారుతోందో చూడండి. ముందు ఇక్కడ ఇద్దరు దగ్గరకి జరిగారు. ఆ దగ్గరితనం ఒక్కొక్కళ్ళనే దాటుకుంటూ అటు చివరికి పోయింది. దాని వెనకే ఎడం పెరిగిన చోటు కూడా పోయింది. పిల్లలు మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. దగ్గరైన చోటుకి సంపీడనం అని పేరు, ఎడమైన చోటుకి విరళీకరణం. అణువులు ఊగే దిక్కూ తరంగం పోయే దిక్కూ ఒకటే కాబట్టి దీన్ని అనుదైర్ఘ్య తరంగం అంటాం. తాడు ఒక కొస గోడకి కట్టి రెండో కొస పైకీ కిందకీ ఆడించారనుకోండి, అది తిర్యక్ తరంగం. గాలిలో చప్పుడికి ఆ రెండో రకం కుదరదు. గాలి అణువు పక్కదాన్ని గుద్దగలదు గానీ, తాడు పోగులా పట్టుకుని పక్కకి లాగలేదు. మీరు వెళ్ళి కూర్చోండి. థాంక్యూ.

ఇప్పుడు ఆ ఊగడం ఎంతో చెబుతాను. నాకు ఈ పాఠం మొత్తంలో బాగా నచ్చిన అంకె ఇదే. మనం మామూలుగా మాట్లాడుకునేటప్పుడు గాలి ముందుకీ వెనక్కీ ఊగే దూరం కొన్ని నానోమీటర్లు. మిల్లీమీటరుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. మీ తలవెంట్రుక మందం దాదాపు 70,000 నానోమీటర్లుంటుంది. అంటే నా మాట మీ దాకా రావడానికి మధ్యలో ఉన్న గాలి కదిలింది వెంట్రుక మందంలో పదివేలో వంతు! ఇక చెవికి ఆనీ ఆననంత చిన్న చప్పుడికైతే ఆ ఊపు ఒక పరమాణువు వెడల్పు కన్నా తక్కువ. అచ్చుతప్పు కాదు, నిజమే. అంత చిన్న కదలికని మీ కర్ణభేరి పట్టుకుంటుంది.

(ఒక అబ్బాయి: మరి గాలి అణువులు చాలా స్పీడుగా తిరుగుతాయని మా సార్ చెప్పారు కదా మేడమ్?)

భలే అడిగావు. మీ సార్ చెప్పింది నిజం. ఈ గదిలో ఒక్కో గాలి అణువు సెకనుకు ఇంచుమించు 500 మీటర్ల వేగంతో పరిగెడుతోంది. కానీ ఎక్కడికి? వెంట్రుక మందంలో వెయ్యో వంతు దూరం పోయేలోపే ఇంకోదాన్ని గుద్దుకుని దారి మళ్ళుతుంది. ఒకటి అటు పోతే ఇంకోటి ఇటొస్తుంది, మొత్తం మీద గాలి ఎటూ పోదు. నేను చెప్పిన నానోమీటర్ల ఊపు ఈ గందరగోళం మీద అదనంగా పడే చిన్న నెట్టు. ఆ నెట్టుని ఒక అణువు నుంచి ఇంకో అణువుకి అందించేది ఆ గుద్దుకోవడాలే. అందుకే చూడండి, అణువుల వేగం 500 దగ్గరైతే ధ్వని వేగం 343. రెండూ ఒకే మోస్తరుగా ఉన్నాయి, ధ్వని కొంచెం వెనకబడింది. కబురు మోసేవాడి కన్నా కబురు ముందు చేరదు కదా.

ఇది పట్టుకుంటే చాలా సంగతులు బట్టీ పట్టకుండానే వస్తాయి. గాలి వేడెక్కితే అణువులు ఇంకా జోరుగా పరిగెడతాయి, కాబట్టి ధ్వని వేగం పెరుగుతుంది. 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర 331 మీటర్లు, 20 డిగ్రీల దగ్గర 343. హీలియం అణువులు తేలిక, అదే వేడిలో ఎక్కువ వేగంతో తిరుగుతాయి. అందులో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1000 మీటర్లు. నీటిలో 1480 దగ్గర, ఉక్కులో 5,000 పైన. నీళ్ళలో, లోహాల్లో లెక్క వేరు. అక్కడ అణువులు ఒకదాన్నొకటి అంటుకునే ఉంటాయి, నెట్టగానే గట్టిగా ఎదురు నెడతాయి.

ఇక్కడ చాలామంది "ఉక్కు సాంద్రత ఎక్కువ కాబట్టి వేగం ఎక్కువ" అని రాసేస్తారు. కాదు. సాంద్రత ఎక్కువైతే నిజానికి ధ్వని మందగిస్తుంది, బరువైనదాన్ని కదిలించడం కష్టం కనుక. ఉక్కుని గెలిపించింది దాని బిగువు. సీసం అనే లోహం ఉక్కు కన్నా బరువైనది, కానీ మెత్తన. అందులో ధ్వని వేగం ఉక్కులో వేగానికి సగం కూడా ఉండదు.

గాలిలో ధ్వని వేగాన్ని మొట్టమొదట సిద్ధాంతం నుంచి లెక్కగట్టినవాడు న్యూటన్, 1687లో. జవాబు దాదాపు 15 శాతం తక్కువొచ్చింది. గాలిని చటుక్కున నొక్కితే వేడెక్కుతుందన్న సంగతి ఆయన లెక్కలో లేదు. సైకిలు పంపు కొట్టి దాని అడుగు భాగం ముట్టుకుంటే మీకే తెలుస్తుంది. ఆ లోటుని 1816లో లాప్లాస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సరిచేశాడు. అంటే నూట ఇరవై తొమ్మిదేళ్ళు ఆ తేడా అలాగే ఉండిపోయింది.

సరే, ఇప్పుడు మీ పాఠ్యపుస్తకంలో బొమ్మ దగ్గరికి వద్దాం. ధ్వని తరంగం అనగానే ఏం గీస్తారు? (వంకర గీత.) అవును, పైకీ కిందకీ కొండలూ లోయలూ. చాలామంది పిల్లలు చప్పుడు గాలిలో పాము పాకినట్టు వంకర్లు పోతూ వస్తుందనుకుంటారు. ఆ తప్పు బొమ్మదే, పిల్లలది కాదు అంటాను నేను. అది చప్పుడు ఫొటో కాదు, గ్రాఫు. గాలి ఒత్తిడి ఎక్కడ ఎక్కువుందో అక్కడ గీత పైకి లేస్తుంది, ఎక్కడ తక్కువుందో అక్కడ కిందకి దిగుతుంది. మధ్యలో ఉండే అడ్డగీత మామూలు గాలి ఒత్తిడి, దాదాపు ఒక లక్ష పాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం పాస్కల్). నేను మాట్లాడితే ఆ ఒత్తిడి మారేది అందులో 50 లక్షలో వంతు. స్కేలు ప్రకారం గీయాలంటే ఏ పుస్తకంలోనూ కొండ కనిపించదు, ఉత్త సరళరేఖే! అందుకే సాగదీసి గీస్తారు.

ఆ గ్రాఫులో కొండ ఎత్తు కంపన పరిమితి. అది పెరిగితే చప్పుడు పెద్దది. ఒక కొండ నుంచి పక్క కొండకి ఉన్న దూరం తరంగదైర్ఘ్యం. సెకనుకి ఎన్ని కొండలు మీ చెవిని దాటాయో అది పౌనఃపున్యం, హెర్ట్జ్‌లలో చెబుతాం. అది పెరిగితే గొంతు కీచుగా ఉంటుంది. పౌనఃపున్యాన్ని తరంగదైర్ఘ్యంతో గుణిస్తే వేగం. సూత్రం అంతే.

కానీ సూత్రం రాసి వదిలేస్తే ఏం లాభం, అంకెలేసి చూడండి. మనిషి చెవికి వినపడేది 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా. 343ని 20తో భాగిస్తే? (17.) 17 మీటర్ల పొడవైన తరంగం! 20,000తో భాగిస్తే 1.7 సెంటీమీటర్లు. ఒకే చెవి ఈ రెండింటినీ వింటోంది.

ఇప్పుడు తలుపు బయట ఎవరో మాట్లాడుతున్నారనుకోండి. తలుపు తెరిచే ఉంది, కానీ మనిషి గోడ వెనకాల పక్కగా నిలబడ్డాడు. మాట వినపడుతుంది, మనిషి కనపడడు. వెలుగూ తరంగమే, చప్పుడూ తరంగమే. చప్పుడు మలుపు తిరిగి లోపలికొచ్చింది, వెలుగు రాలేదు. ఎందుకు?

(చప్పుడికి గోడ అడ్డం కాదు మేడమ్.) గోడ లోంచి కొంచెం వస్తుంది, నిజమే. కానీ తలుపు మూస్తే మాట ఎంత తగ్గిపోతుందో మీకు తెలుసు. అంటే ఎక్కువ భాగం ఆ తెరిచిన ఖాళీలోంచే వచ్చింది. లెక్క చూడండి. మగవాళ్ళ గొంతు 120 హెర్ట్జ్ దగ్గరుంటుందనుకుంటే తరంగదైర్ఘ్యం దాదాపు 2.9 మీటర్లు. తలుపు వెడల్పు ఒక మీటరు. తరంగం పొడవు ఖాళీ వెడల్పుతో సమానంగానో అంతకన్నా పెద్దదిగానో ఉంటే, అది ఖాళీ దాటగానే అన్ని పక్కలకీ విచ్చుకుంటుంది. దీన్ని వివర్తనం అంటారు. వెలుగు తరంగదైర్ఘ్యం మిల్లీమీటరులో రెండువేలో వంతు. దాని ముందు తలుపు మహా సముద్రమంత వెడల్పు, అందుకే తిన్నగా పోతుంది, నీడ పడుతుంది.

గబ్బిలం సంగతి కూడా ఇదే. చీకట్లో చిన్న పురుగుని పట్టాలంటే దాని మీద పడి వెనక్కి వచ్చే ధ్వని కావాలి. మనలా 2 మీటర్ల తరంగంతో అరిస్తే అది పురుగుని పట్టించుకోకుండా చుట్టుకుని పోతుంది. అందుకని 50,000 హెర్ట్జ్ లాంటి అతిధ్వనులు, అంటే మన చెవికి అందనంత కీచు ధ్వనులు వాడుతుంది. తరంగదైర్ఘ్యం 7 మిల్లీమీటర్లు, పురుగు సైజు. ఆసుపత్రిలో స్కానింగు చేసేది ఇంకా సన్నని తరంగంతో, శరీరంలో అర మిల్లీమీటరు ఉండేలా.

ఇంకో ప్రశ్న. గట్టిగా అరిస్తే చప్పుడు త్వరగా చేరుతుందా? (చేరుతుంది!) చేరదు. దూరం పోతుందే తప్ప త్వరగా పోదు. కీచు గొంతైనా బొంగురు గొంతైనా మన గాలిలో అదే వేగం. రుజువు కావాలా? దూరంగా ఎక్కడో పాట కచేరీ జరుగుతోంది. తీగ వాద్యం, డోలు, గొంతు అన్నీ కలిసి తాళం తప్పకుండా మీ దాకా వస్తాయి. కీచు స్వరాలు ముందొచ్చి బొంగురువి వెనకొస్తే, దూరం పోయేకొద్దీ పాట చెదిరిపోవాలి.

"అలా చెదిరిపోయే చోటు ఎక్కడైనా ఉందా?" అని మీరు అడగలేదు, నేనే చెబుతాను. ఉంది, అంగారక గ్రహం. 2021లో అక్కడ దిగిన పర్సెవరెన్స్ రోవరు, అంటే నేల మీద తిరిగే యంత్రం, మీద మైకులున్నాయి. వాటి రికార్డింగులు పరిశీలించి 2022లో చెప్పినదేమిటంటే, అక్కడ బొంగురు ధ్వనులు సెకనుకు సుమారు 240 మీటర్లు పోతే, కీచువి 250 మీటర్లు పోతాయి. అక్కడి గాలి చాలా పలచన, మన గాలి ఒత్తిడిలో ఒక శాతం కూడా ఉండదు, అందులో దాదాపు అంతా కార్బన్ డయాక్సైడే. ఆ అణువులు గుద్దుకున్నప్పుడు కొంత శక్తి వాటి లోపలి కంపనాల్లోకి పోయి మళ్ళీ బయటికి రావాలి. తరంగం మరీ త్వరత్వరగా వస్తుంటే అందుకు వ్యవధి చాలదు, అంతే తేడా. ఒక కిలోమీటరు దూరాన కచేరీ పెడితే కీచు స్వరాలు సెకనులో ఆరో వంతు ముందొస్తాయి. అయితే అక్కడి గాలి చప్పుడుని, ముఖ్యంగా కీచుదాన్ని, త్వరగా మింగేస్తుంది. కిలోమీటరు దూరం నుంచి వినపడదనుకోండి.

గాలే లేకపోతే? యానకం, అంటే ధ్వనిని మోసే గాలి, నీరు, లోహం లాంటి పదార్థం, లేనిదే ధ్వని లేదు. ఇది మీకు తెలుసు, అంతరిక్షంలో పేలుడుకి చప్పుడు పెట్టే సినిమాలని చూసి నవ్వుకోండి. కానీ దీన్ని రుజువు చెయ్యడం ఏమంత తేలిక కాలేదు. అథనాసియస్ కిర్చర్ అనే పండితుడు గాలి తీసేసిన చోట గంట పెట్టి వాయించినా మోత వినపడిందని, కాబట్టి ధ్వనికి గాలి అక్కర్లేదని 1650లో రాశాడు. గంటని పట్టి ఉంచిన ఆధారం లోంచే మోత బయటికి వచ్చిందని తర్వాత తేలింది. 1660లో రాబర్ట్ బాయిల్ గాజు పాత్రలో గడియారాన్ని దారంతో వేలాడదీసి గాలి తోడేశాడు. టిక్కుటిక్కు ఆగిపోయినట్టే అయింది. ప్రయోగంలో కీలకం పంపు ఒక్కటే కాదు, ఆ దారం కూడా.

ఇప్పుడు సీసాల పని. ఒకే రకం గాజు సీసాలు రెండు. ఒకటి ఖాళీ, ఇంకోదాన్లో సగానికి పైగా నీళ్ళు. చెంచాతో కొడతాను. (టింగ్... టంగ్.) ఏది కీచుగా ఉంది? (ఖాళీది!) నీళ్ళున్నది బొంగురుగా పలికింది. ఇప్పుడు చెంచా పక్కన పెట్టి, మూతి మీద పెదవి ఆనించి ఊదుతాను. ముందు ఖాళీది. (బూఁ...) ఇప్పుడు నీళ్ళది. (కూఁ...)

ఏమైంది? (రివర్స్ అయింది మేడమ్!) అవును, తిరగబడింది! అవే సీసాలు, అవే నీళ్ళు. ఎవరైనా చెబుతారా? (రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక అమ్మాయి: ఊదినప్పుడు ఊగేది గాజు కాదు, గాలి.) శభాష్! అదే. చెంచాతో కొడితే ఊగేది గాజు. దానికి నీళ్ళు తోడైతే బరువు పెరిగి నెమ్మదిగా ఊగుతుంది, స్వరం దిగుతుంది. ఊదితే ఊగేది లోపలి గాలి. నీళ్ళు పోస్తే గాలికి చోటు తగ్గుతుంది. తక్కువ గాలిని నొక్కితే అది త్వరగా ఎదురు తంతుంది, స్వరం లేస్తుంది. సీసాలో నీళ్ళు పడుతున్నప్పుడు చూడకుండానే నిండిందని మీకు తెలిసేది ఇందుకే. ఏ వాద్యం కనపడ్డా ముందు అడగాల్సింది ఇదే: ఇందులో ఊగుతున్నది ఏది?

ఇక ప్రశ్నలు. ఒక్కొక్కరే అడగండి.

(రికార్డింగులో నా గొంతు నాదిలా ఎందుకుండదు?)

నీ గొంతు నీకు రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి గాలిలోంచి చెవికి, అందరికీ చేరినట్టే. రెండోది నీ పుర్రె ఎముకల్లోంచి తిన్నగా లోపలి చెవికి. ఎముక దారిలో బొంగురు స్వరాలు బాగా వస్తాయి. కాబట్టి నీకు నీ గొంతు కొంచెం గంభీరంగా వినపడుతుంది. రికార్డింగులో ఎముక దారి లేదు. మేము రోజూ వినేది ఆ రికార్డింగు గొంతునే, మాకేం తేడా తెలియదు.

(అన్నిటికన్నా పెద్ద చప్పుడేది మేడమ్?)

అన్నిటికన్నా అంటే గొడవ వస్తుంది గానీ, మనుషులు అతి దూరం నుంచి విన్నదిగా చెప్పుకునేది ఉంది. 1883 ఆగస్టు 27న ఇండోనేషియాలో క్రకటోవా అగ్నిపర్వతం పేలింది. హిందూ మహాసముద్రంలో 4,800 కిలోమీటర్ల అవతల రోడ్రిగ్స్ అనే దీవిలో వినపడింది. అక్కడి పోలీసు అధికారి దూరంగా ఫిరంగులు మోగుతున్నట్టుందని రాసుకున్నాడు. వినపడనంత దూరాల్లో కూడా ప్రపంచమంతటా గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్లలో ముల్లు కదిలింది, ఆ తరంగం భూమిని చుట్టి మళ్ళీ మళ్ళీ వచ్చినట్టు వాటిలో నమోదైంది. రోడ్రిగ్స్‌కి చప్పుడు చేరడానికి దాదాపు 4 గంటలు పట్టింది.

ఇది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. కాగితాలు తీయండి. సెకనుకు 343 మీటర్లు. గంటకి ఎన్ని సెకన్లు? (3,600.) గుణించండి. (12,34,800 మీటర్లు.) అంటే 1,235 కిలోమీటర్లనుకోండి. 4,800ని దాంతో భాగించండి. తొందరేం లేదు.

(3.88... 3.89 మేడమ్!)

3.89 గంటలు. ఆ పాయింటు తర్వాత ఉన్నదాన్ని 60తో గుణిస్తే 53. మూడు గంటల 53 నిమిషాలు.